అతుకుల బొంత – ఒక విన్నపం

మన వాడుకలో “అతుకుల బొంత” అనే మాటకు గౌరవం లేదు. పొందిక లేని వ్యాసాన్ని, నిలకడ లేని పొత్తును, తొందరలో ముగించిన పనిని ఆ పేరుతోనే ఎత్తిపొడుస్తాము. మా ఉర్దూ విభాగపు మిత్రులను అడిగితే వారు మరొక మాట చెప్పినారు. పేదింట పుట్టిన ప్రతిభావంతుణ్ణి వారు “గుదడీ కా లాల్” అంటారు. అనగా బొంతలో దొరికిన మాణిక్యమని అర్థం. అయితే రెండు మాటల్లోనూ బొంతకు మర్యాద దక్కలేదు. ఒకటి దానిని నిందకు వాడుకొన్నది. రెండవది లోపలి మాణిక్యాన్ని మెచ్చి బొంతను పక్కన పెట్టినది. బొంత కుట్టుటయే ఒక విద్య అని, ఆ విద్యకు కళాశాలలో తగిన చోటు ఉండవలెనని చెప్పుటకు ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మా గృహవిజ్ఞాన విభాగంలో వారానికి రెండు గంటలు కుట్టుపని నేర్పుతున్నారు. వచ్చే సంవత్సరం నుండి ఆ రెండు గంటలను తగ్గించి మరొక శిక్షణకు కేటాయించే ఆలోచన కమిటీ వారికి ఉన్నదని విన్నాము. పెద్దల ఆలోచనలో న్యాయం లేకపోలేదు. ఇప్పుడు జరుగుతున్న తీరులో ఆ రెండు గంటల వల్ల కలిగే లాభం స్వల్పమని మేమే ఒప్పుకొంటున్నాము. అందుచేత మా అభిప్రాయం ఇది: ఆ గంటలు నిలవాలి, అందులో జరిగే పని మారాలి.

ఇప్పటి పద్ధతి ఏమిటో మొదట చెప్పవలసి ఉన్నది. ప్రతి విద్యార్థినీ ఆరంగుళాల తెల్లగుడ్డ ముక్కలపై కాడ కుట్టు, గొలుసు కుట్టు, కాజా కుట్టు, ముడి కుట్టు మొదలైనవి ఒక్కొక్కటిగా కుట్టి, రికార్డు పుస్తకంలో అతికించి, సంతకం చేయించుకొంటుంది. గోడ మీది పటంలో ఉన్న కుట్టుకు ఎంత దగ్గరగా ఉంటే అన్ని మార్కులు. పరీక్ష కాగానే ఆ పుస్తకం అటక ఎక్కుతుంది. ఆ కుట్టు ఉతుకుకు నిలుస్తుందా, పాత గుడ్డ మీద పట్టుకొంటుందా, రెండు రంగుల నడుమ ఎట్లా కనిపిస్తుంది అనే ప్రశ్నలు పుట్టనే పుట్టవు. కొందరు అక్కల చేత, కొందరు బజారులో డబ్బిచ్చి ఆ నమూనాలను కుట్టించుకొంటున్నారని చెప్పుటకు సిగ్గుగా ఉన్నది. కాని అది నిజం.

ఈ విద్యాసంవత్సరంలో మా అధ్యాపకురాలి అనుమతితో మేము 30 మందిమి వేరొక దారి పట్టి చూచినాము. ఒక్కొక్కరము ఇంటి నుండి ఒక పాత గుడ్డ తెచ్చినాము. అమ్మ కట్టి విడిచిన నేతచీర, తాతగారి పంచె, అబ్బాజాన్ లుంగీ, చిరిగిన దుపట్టా, పదవ తరగతి నాటి యూనిఫాం – ఇట్లా ఏది దొరికితే అది. ఒక్కొక్క గుడ్డ నుండి పన్నెండు అంగుళాల చదరం ఒకటి చొప్పున తయారు చేయవలెనని, అడ్డంగా ఐదు, నిలువుగా ఆరు చదరాలను కలిపితే ఐదడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు గల బొంత అవుతుందని లెక్క వేసికొన్నాము. నియమం ఒక్కటే పెట్టుకొన్నాము. ప్రతి చదరంలోనూ తరగతిలో నేర్చిన కుట్టు ఒకటి, ఎవరూ నేర్పనిది స్వయంగా చేసి చూచినది ఒకటి ఉండాలి.

ఆ పనిలో మాకు ఎదురైన పొరపాట్లను దాచుకొనదలచలేదు. అవే మాకు పాఠాలైనవి.

మొదట సరిగ్గా పన్నెండు అంగుళాలకే గుడ్డను కత్తిరించి, అంచుల దాకా పూవులు కుట్టినాము. రెండు చదరాలు కలిపి కుట్టగానే రేకుల కొనలన్నీ అతుకు లోపలికి పోయినవి. పైగా చేతికుట్టు పడిన కొద్దీ గుడ్డ బిగిసి, చదరం ఒక ప్రక్క కురచ అయినది. ఆ తరువాత పద్నాలుగు అంగుళాలకు కత్తిరించి, మధ్య భాగంలోనే కుట్టి, పని పూర్తి అయిన తరువాత పన్నెండున్నర అంగుళాలకు సరిచేయుట నేర్చుకొన్నాము. నలువైపులా పావు అంగుళం అతుకులోకి పోగా సరిగ్గా పన్నెండు మిగులుతుంది.

రెండవది దారం సంగతి. బజారులో దొరికే ఎంబ్రాయిడరీ దారంలో ఆరు పోగులు కలిసి ఉంటాయి. నిండుగా కనిపించవలెనని ఆరు పోగులనూ ఒకేసారి సూదికి ఎక్కించి, నలిగిన నేతచీర మీద కుట్టినవారి గుడ్డ సూది పడిన చోటనల్లా చిరిగినది. పాత గుడ్డకు రెండు పోగులు చాలునని, అడుగున పలుచని అస్తరు వేసి కుట్టితే బలం వస్తుందని అప్పుడు తెలిసినది. ఒక సోదరి ఎర్రదారంతో తెల్లపంచె మీద కుట్టిన మామిడిపిందె మొదటి ఉతుకులోనే చుట్టూ గులాబి మరకను మిగిల్చినది. దారాన్ని ముందుగా తడిపి తెల్లగుడ్డపై అదిమి చూడవలెననే జాగ్రత్త ఆ మరకే నేర్పినది.

మూడవది మరీ ముఖ్యమైనది. గోడకు వేలాడదీసే పటం వేరు, కప్పుకొనే బొంత వేరు. ఆకులను నింపుటకు పొడవు పొడవుగా వేసిన సాటిన్ కుట్లు పటంలో ఎంతో అందంగా ఉంటాయి. బొంత మీద అవే కుట్లు గాజులకు, మెట్టెలకు తగులుకొని లేచిపోయినవి. అదే ఆకును గొలుసు కుట్టు వరుసలతో నింపినప్పుడు ఏమీ కాలేదు. ఏ కుట్టు గొప్పది అనే ప్రశ్నకు పుస్తకంలో జవాబు ఉండదని, ఎక్కడ, దేనికి అని అడిగితేనే జవాబు వస్తుందని మాకు అర్థమైనది.

పొరపాట్లు మాత్రమే కాదు, సంతోషాలు కూడా కలిగినవి. అతుకు కనబడకుండా దాచవలెనని ప్రయత్నించి విసిగిన ఇద్దరు, చివరకు అతుకు మీదనే హెరింగ్‌బోన్ కుట్టు వేసి, దాని సందుల్లో మరొక రంగు దారాన్ని అల్లినారు. దాచదలచిన చోటే చదరానికి అందం వచ్చినది. మరొకరు సాదా కుట్టు తప్ప మరేదీ చేతకాదని బాధపడుతూ, ఆ సాదా కుట్టునే ఒక వరుసలో పొడవుగా, ఒక వరుసలో పొట్టిగా, దగ్గర దగ్గరగా వేసుకొంటూ పోయినారు. గుడ్డ అంతా సన్నని అలలుగా లేచినది. అది చూచి మా అధ్యాపకురాలు వంగదేశపు కాంథాను గూర్చి చెప్పినారు.

కాంథా అనేది అచ్చంగా మన బొంతే. పాత చీరలను పొరలుగా పరచి, చీర అంచుల నుండి లాగిన రంగు దారాలతో, ముఖ్యంగా సాదా కుట్టుతోనే స్త్రీలు ఇంటింటా కుట్టినారు. ఆ ఒక్క కుట్టుతోనే తామరలు, చేపలు, రథాలు, పల్లకీలు, కథలు అవతరించినవి. గురుసదయ్ దత్ వంటి పెద్దలు వాటిని సేకరించి భద్రపరచకపోతే ఎన్నో నశించేవి. బెంగాలీ కవి జసీముద్దీన్ 1929లో ప్రచురించిన “నక్షీ కాంథార్ మాఠ్” అనే కావ్యంలో, భర్తకు దూరమైన ఒక పల్లెటూరి స్త్రీ తమ బ్రతుకునంతా బొంత మీద కుట్టి, ఆ బొంతను తన సమాధిపై పరచవలసినదిగా కోరుకొంటుంది. బొంతను కావ్యవస్తువుగా ఎంచుకొనుటకు ఆ కవి సంకోచించలేదు.

మన పొరుగున కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లా అడవి ప్రాంతాలలో సిద్దీలు నివసిస్తున్నారు. వారి పూర్వులు ఆఫ్రికా నుండి వచ్చినవారు. వారిలో హిందువులు, ముస్లిములు, క్రైస్తవులు మూడు మతాల వారూ ఉన్నారు. ఆ స్త్రీలు కుట్టే అతుకుల బొంతను “కవంది” అంటారు. వారు ముందుగా నమూనా గీసికొనరు. ఒక మూల నుండి మొదలుపెట్టి, అంచుల వెంట చుట్టూ తిరుగుతూ, చేతికి వచ్చిన ముక్కను అతుకుతూ నడిమికి చేరుకొంటారు. చివరకు నాలుగు మూలలా గుడ్డను మడిచి “ఫూల్” అనే పువ్వులను కుట్టనిదే బొంత పూర్తి అయినట్లు భావించరు. మన తెలంగాణలో లంబాడీ సోదరీమణులు గుడ్డముక్కల నడుమ అద్దాలు, గవ్వలు కూర్చి కుట్టే పని అందరూ ఎరిగినదే.

దూరదేశంలోనూ ఇటువంటి చరిత్ర ఉన్నది. అమెరికాలో 1876 ఫిలడెల్ఫియా ప్రదర్శన తరువాత “క్రేజీ క్విల్ట్” అనే బొంతల మోజు వ్యాపించినది. ఆ ప్రదర్శనలో జనం చూచిన జపాను కళావస్తువుల ప్రభావం అందులో ఉన్నదని చెబుతారు. ఒక ఆకారమంటూ లేని పట్టు, మఖ్‌మల్ ముక్కలను ఒక అడుగు గుడ్డపై అమర్చి, ప్రతి అతుకు మీద వేర్వేరు చేతికుట్లు వేసేవారు. ఒక్కొక్క బొంత ఒక కుట్ల నిఘంటువు వలె ఉండేది. మేము తెలియక అతుకు మీద వేసిన హెరింగ్‌బోన్ కుట్టును వారు నూట నలభై ఏండ్లకు పూర్వమే వేసినారని తెలిసినప్పుడు మాకు నవ్వు వచ్చినది, ధైర్యమూ కలిగినది.

ఇక్కడ మా తరగతిలో జరిగిన ఒక సంగతి చెప్పక తప్పదు. మాలో ఒక సోదరి ఏనాడూ కుట్టుపనిలో ముందుకు వచ్చేది కాదు. మార్కులు కూడా సామాన్యమే. చదరాల పని మొదలైన తరువాత ఒకనాడు ఆమె తన ముక్కను చట్రానికి బిగించి, కొక్కెం వంటి ఆరీ సూదిని పై నుండి దించుతూ, అడుగున పట్టిన దారాన్ని లాగుతూ, మేము గంటలో వేసే గొలుసు కుట్టును ఐదు నిమిషాలలో వేసినది. అందరమూ ఆశ్చర్యపోయి అడిగితే, ఇంట్లో తల్లి, అక్కలు రవికెల మీద మగ్గం వర్క్ చేస్తారని, చిన్ననాటి నుండి తానూ చేస్తున్నానని, కళాశాల ఫీజు ఆ పనితోనే కడుతున్నానని చెప్పినది. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటే, “పటంలో లేదు కదా” అన్నది. చదువుకొనుటకు వచ్చిన చోట కూలిపని పేరు ఎత్తుటకు సిగ్గుపడినానని తరువాత మెల్లగా చెప్పినది. ఆనాటి నుండి ఆమె మాకూ, మా అధ్యాపకురాలికీ ఆరీ పని నేర్పుతున్నది. రికార్డు పుస్తకం రెండేండ్లలో కనిపెట్టలేని ఈ విద్యను ఒక పాత లుంగీ ముక్క నాలుగు వారాల్లో బయట పెట్టినది. ఇటువంటి వారు మన కళాశాలలో ఇంకా ఎందరు ఉన్నారో కమిటీ వారు ఆలోచించవలెను.

ఆమె మాటల్లో మరొక విషయం కూడా మమ్ములను కలచివేసినది. రవికెకు ఇంత అని ముక్క లెక్కన కూలి ముట్టుతుంది. దానికి ఎన్ని గంటలు పట్టినదో ఇంట్లో ఎవరూ వ్రాసుకొనరు. ఆ పని మీద ఎవరి పేరూ ఉండదు. ఇది ఆ ఒక్క ఇంటి కథ కాదు. పశ్చిమ గోదావరి ప్రాంతపు నర్సాపురం లేసు అల్లికలను పరిశీలించి మరియా మీస్ అనే జర్మన్ రచయిత్రి 1982లో ఒక గ్రంథం ప్రచురించినారు. ప్రపంచ విపణికి సరుకు తయారుచేస్తున్న ఆ స్త్రీలను కార్మికులుగా లెక్కింపక, ఇంట్లో ఊరికే కూర్చున్న గృహిణులు తీరిక వేళ చేసే పనిగా చూచుట వల్లనే వారి కూలి అంత తక్కువగా ఉన్నదని ఆమె వివరించినారు.

అమెరికాలో హారియెట్ పవర్స్ అనే నల్లజాతి స్త్రీ కథ కూడా ఇటువంటిదే. ఆమె 1837లో జార్జియా రాష్ట్రంలో బానిసగా జన్మించినది. గుడ్డ బొమ్మలను కత్తిరించి అతికి, బైబిలు కథలను పదకొండు గడులలో చిత్రిస్తూ ఒక బొంత కుట్టినది. 1886లో ఒక పత్తి ప్రదర్శనలో దానిని చూచిన ఒక చిత్రకళా అధ్యాపకురాలు కొంటానంటే ఆమె అమ్మలేదు. కుటుంబం ఇబ్బందుల్లో పడిన తరువాత 1891లో పది డాలర్లు అడిగి, చివరకు ఐదు డాలర్లకు ఇచ్చివేసినది. కొన్న ఆమె ఒక్కొక్క గడి అర్థాన్ని కుట్టిన మనిషి నోట విని వ్రాసి పెట్టినది గనుకనే హారియెట్ పేరు నేటికీ నిలిచినది. ఆ బొంత ఇప్పుడు వాషింగ్టన్‌లోని జాతీయ చరిత్ర ప్రదర్శనశాలలో ఉన్నది. పేరు వ్రాసి పెట్టేవారు లేక మరుగున పడిన బొంతలు, రవికెలు, దుపట్టాలు ఎన్నో ఉండి ఉంటాయి.

ఇక ఆక్షేపణలకు జవాబు చెప్పవలెను. కంప్యూటరుతో నడిచే ఎంబ్రాయిడరీ యంత్రాలు వచ్చిన తరువాత చేతికుట్టుతో ఏమి పని అని కొందరు అంటున్నారు. యంత్రాన్ని మేము నిందించము. అవకాశముంటే దానినీ నేర్చుకొంటాము. కాని యంత్రం ఒకసారి నిశ్చయించిన నమూనాను వేయిసార్లు కుట్టుతుంది. ఏ గుడ్డకు ఏ కుట్టు తగును అనే నిశ్చయం అంతకు ముందే ఒక మనిషి చేతిలో జరగాలి. ఆ నిర్ణయశక్తిని పెంచేదే ఈ ప్రయోగం. చేతికుట్టు నేర్చినంత మాత్రాన మంచి ఉద్యోగం వస్తుందా అని మరికొందరు అడుగుతున్నారు. వస్తుందని మేము అబద్ధం చెప్పము. అయితే మనలో అనేకులు చదువు తరువాత కూడా ఇంట్లో ఈ పనే చేయబోతున్నారు. తాను పెట్టిన గంటలు, తన దారపు ఖర్చు, తన పని విలువ వ్రాసుకొన్నవారు ధర అడుగగలరు. వ్రాసుకొననివారు ఇచ్చినది పుచ్చుకొంటారు. ఈ ఒక్క అలవాటును నేర్పినా ఆ రెండు గంటలు సార్థకమైనట్లే.

ఇది ఆడపిల్లల పని అనే మాట కూడా వినబడుతున్నది. హైదరాబాదు పాతబస్తీ జర్దోజీ కార్ఖానాలలో కార్చోబ్ ముందు కూర్చుని పనిచేసేవారిలో మగవారు ఎందరో ఉన్నారు. సూది పట్టిన చేతికి చిన్నతనం లేదు. మా సోదర విద్యార్థులలో ఆసక్తి గలవారిని కూడా చేర్చుకొనవలెనని మా కోరిక.

మరొక చిన్న లాభాన్ని కూడా మనవి చేస్తాము. చదరాలు కుట్టుతూ ఉండగా ఉర్దూ, తెలుగు విభాగాల వారము ఒకే చాప మీద కూర్చున్నాము. వారి టాంకా మా టాకా. వారి కాజ్ మా కాజా. అస్తరు ఇద్దరికీ అస్తరే. లక్నో చికన్ పనిలో బియ్యపు గింజ వంటి కుట్టును “ముర్రీ” అంటారని, కర్ణాటక కసూతిలో అడ్డదిడ్డపు కుట్టును “మెంతి” అంటారని తెలిసికొని, మా కుట్లకు కూడా రెండు భాషల్లో పేర్లు వ్రాసి ఒక పట్టిక తయారు చేయ మొదలుపెట్టినాము. అది పూర్తి అయితే వచ్చే సంచికకు సమర్పిస్తాము.

కావున కమిటీ వారికి మా విన్నపాలు నాలుగు. వారానికి ఆ రెండు గంటలను తగ్గించకుండా నిలుపవలెను. రికార్డు పుస్తకపు నమూనాలకు బదులు, ఒక్కొక్కరు ఏడాదికి రెండు బొంత చదరాలు కుట్టే పద్ధతిని పెట్టవలెను. మార్కులలో కొంత భాగం నేర్చిన కుట్టు నేర్పుకు, కొంత భాగం చేసి చూచిన ప్రయోగానికి ఇవ్వవలెను. ప్రయోగం విఫలమైనా, ఎందుకు విఫలమైనదో నాలుగు వాక్యాలు వ్రాసినవారికి ఆ మార్కులు తగ్గరాదు. ప్రతి చదరం వెనుక కుట్టినవారి పేరు, పట్టిన గంటలు దారంతో కుట్టించవలెను. ఇందుకు పెద్ద ఖర్చు లేదు. గుడ్డ మా ఇండ్ల నుండే వస్తుంది. దారం, సూదులు, అస్తరు గుడ్డ మాత్రం కళాశాల సమకూర్చితే చాలును.

విద్యార్థి మిత్రులకు కూడా ఒక మాట. ఇంటికి వెళ్ళినప్పుడు నానమ్మ, అమ్మమ్మ, దాదీమా, నానీమా ఎవరైనా బొంత కుట్టినవారు ఉంటే వారి ప్రక్కన కూర్చుని, ఏ మూల నుండి మొదలుపెట్టేవారో, ఏ దారం వాడేవారో అడిగి వ్రాసుకొని రండి. పసిపిల్లల పొత్తిళ్ళ బొంతకు ఎన్నో ఉతుకులు పడిన మెత్తని నూలు గుడ్డనే ఎందుకు ఏరుకొనేవారో అడగండి. ఆ జవాబులు ఏ పాఠ్యగ్రంథంలోనూ లేవు.

మేము కుట్టిన మొదటి బొంతను వార్షికోత్సవంలో ముఖ్య అతిథికి కప్పవలెనని కొందరు సూచించినారు. మేము ఒప్పుకొనలేదు. అది ఇప్పుడు హాస్టలులో జ్వరం వచ్చినవారు పడుకొనే గదిలో ఉన్నది. అప్పుడే నాలుగుసార్లు ఉతుకుకు పోయి వచ్చినది. రెండు చదరాలలో దారం లేచినది. వాటిని మళ్ళీ కుట్టుతున్నాము. కమిటీ పెద్దలు నిర్ణయం తీసికొనుటకు ముందు ఒకసారి ఆ గదికి దయచేసి, ఆ బొంతను పైవైపు చూచిన తరువాత తిరగవేసి వెనుకవైపు కూడా చూడవలసినదిగా ప్రార్థిస్తున్నాము. మా పేర్లు, మేము పెట్టిన గంటలు, మా పొరపాట్లు అన్నీ అక్కడ ఉన్నవి.